కడుపు మీద నోరు

ముసల్ది కళ్ళు మూసుకుంది గానీ నిద్రపోలేదు. నిద్రపోతే ఆ గురక కింద మెయిన్ రోడ్డు మీది ఆటోవాళ్ళకు కూడా వినపడుతుంది, పెళ్ళయిన నాటి నుంచీ సన్నటి గోడకు ఇవతల పడుకుని వింటున్న కోడలికి ఆ సంగతి తెలియదా ఏం. ముక్కులో గొట్టం, గొట్టం చివర సంచి, సంచిలో పసరు రంగు నీళ్ళు, దుప్పటి కింద బిగుసుకుపోయి ఉబ్బిన కడుపు, ఇన్ని పెట్టుకుని కూడా ఈరమ్మ మొహంలో ఆ కరుకు పోలేదు, ఎవరి మీదనో పళ్ళు నూరుతున్నట్టే ఉంది, ఎవరి మీదనో ఏమిటి, నా మీదనే, ఈ గదిలో ఇంకెవరున్నారు గనక అనుకుంది పూర్ణిమ. గంటలో లోపలికి తీసుకుపోతామని సర్జన్ చెప్పి వెళ్ళాడు, ముందు కేసు అయిపోవాలట, థియేటర్ కడగాలట. మొగుడు నాగేందర్ రక్తం కోసం మల్కాజిగిరి ఉరికాడు. ఆడబిడ్డ తారామణి పోచమ్మ గుడిలో ముడుపు కట్టి వస్తానని కళ్ళు తుడుచుకుంటూ దిగిపోయింది. పోతూ పోతూ అన్నాచెల్లెళ్ళిద్దరూ ఒకటే మాట చెవిలో వేసి పోయారు, అమ్మకేం చెప్పొద్దని. నాగేందర్ అయితే చెయ్యి పట్టుకుని మరీ అన్నాడు, "గడ్డ దీస్తరు, కుట్లేస్తరు, వారంల ఇంటికొస్తవ్ అని జెప్పినం. గంతే. నువ్వు నీ డాక్టర్ మాటలు బయటికి దియ్యకు పూర్ణిమా, దండం వెడ్త." ఆహా, నీ డాక్టర్ మాటలట. పొద్దున అదే వరండాలో సర్జన్ ఇంగ్లీషులో చెప్తుంటే ప్రతి ముక్కకూ గంగిరెద్దులా తల ఊపి, ఆయన అటు తిరగ్గానే ఇటు తిరిగి "ఏమన్నడు, ఏమన్నడే?" అని నా కొంగు పట్టుకున్నప్పుడు ఆ మాటలు తియ్యగున్నాయి, ఇప్పుడేమో చేదయ్యాయి. సరే, నోరు మూసుకుంటా, నాకేం పోయింది. మూసుకుని స్టూలు మీద కూర్చుంది, సెలైన్ చుక్కలు పడుతుంటే చూస్తూ.

కొలాస్టమీ. సర్జన్ నోట్లోంచి రాగానే ఆ మాట పూర్ణిమ తలలో చిక్కుడుకాయ చీలినట్టు రెండుగా చీలింది, కొలో ఒక పక్క, స్టమీ ఒక పక్క. చీల్చకుండా ఉండలేదు ఇప్పుడు, అలవాటైపోయింది, ఆ చలపతిరావు చేసిన అలవాటు. ఉప్పల్ రింగురోడ్డు దగ్గర టైర్ల షాపు మీద ఆయన మెడికల్ కోడింగ్ క్లాసు, కింద రబ్బరు కంపు, కిటికీ తీస్తే మెట్రో పిల్లర్ల కోసం తవ్విన గుంతల్లోంచి లేచే దుమ్ము, బందు పిలుపు వచ్చిన రోజు క్లాసు లేదు, మర్నాడు రెండు రోజుల పాఠం ఒక్కసారే కుక్కేవాడు. "మాటను తోక నుంచి చదవండమ్మా, తల నుంచి కాదు" అనేవాడు, "ఏ అవయవమో తరవాత చూసుకోవచ్చు, ఏం జరిగిందో తోకలో ఉంటుంది, రోగమా, కోతా, కుట్టా, తోక చూడండి ముందు." ఆ తోకల్ని గ్రీకువాళ్ళు పెట్టారట. ఎక్కడి గ్రీకువాళ్ళు, ఎక్కడి నాచారం. పూర్ణిమ ఒకసారి లేచి చెప్పబోతే "మీ యాస కాస్త కిందపెట్టి మాట్లాడమ్మా" అని క్లాసంతా నవ్వేలా అన్నాడు ఆ మనిషి, దాంతో కడుపు మండి ఇంటికొచ్చి ఆ రాత్రి అన్నం ముట్టలేదు, ముట్టకపోతే "ఏం రోగమొచ్చింది మహారాణికి" అని ఈరమ్మ. అటు ఆయన, ఇటు ఈవిడ, మధ్యలో నేను పిండి మరలో గింజ. అయినా ఆయన చెప్పిన కిటుకు మాత్రం పనికొచ్చింది, ఒప్పుకోవాలి. "ప్రతి తోకనీ మీకు బాగా తెలిసిన ఒక మనిషికి తగిలించుకోండి, చచ్చినా మర్చిపోరు" అన్నాడు. మిగతా పిల్లలు సినిమా హీరోలకు తగిలించుకున్నారు. నాకు బాగా తెలిసిన మనిషి ఎవరు, కన్నతల్లి కంటే, కట్టుకున్నవాడి కంటే ఎక్కువ తెలిసిన మనిషి, లేచిన దగ్గర్నుంచీ పడుకునే దాకా నా కంట్లో నలుసు ఎవరు?

అట్లా మొదలైంది. ఐటిస్ అంటే వాపు, మంట, కానీ మొదట్లో వాపని కాదట అర్థం, ఊరికే "దానికి సంబంధించిన" అని మాత్రమేనట, రోగం అనే మాట పక్కన ఉండేదట, వాడగా వాడగా ఆ పక్క మాట రాలిపోయి తోక ఒక్కటే మంటంతా మోసుకుంటున్నది. ఈరమ్మకు ఏ కీలు పట్టినా ఐటిస్, మోకాళ్ళ ఐటిస్, వేళ్ళ ఐటిస్, అయినా ఆ వేళ్ళతోనే నా కంచంలో ముక్కలు లెక్కబెట్టడం మానలేదు. ఆల్జియా అంటే నొప్పి, నాకు. మెగలీ అంటే పెద్దది, ఆమె నోరు. రియా అంటే పారడం, ఆమె తిట్లు పారినట్టు, పొద్దున నల్లా దగ్గర మొదలై పొయ్యి ఆరేదాకా. పీనియా అంటే ఒంట్లో ఏదో తక్కువపడటం, అసలు అర్థం పేదరికం అట. ఆ మాట విన్నప్పుడు మాత్రం పూర్ణిమ కాసేపు ఈరమ్మను పక్కన పెట్టింది, నెత్తురులో కూడా పేదరికం ఉంటుందని ఎవడో ఎప్పుడో కనిపెట్టాడట, నారపల్లిలో నాయన అమ్మిన చేను గుర్తొచ్చింది, దాని మీద ఇప్పుడు లేచిన ప్లాట్ల వెంచరు కమాను గుర్తొచ్చింది. మళ్ళీ తేరుకుని ఎక్టమీకి వచ్చింది. ఎక్ అంటే బయటికి, టమీ అంటే కోత, కోసి బయట పారెయ్యడం. దానికి ఉదాహరణలు వెతుక్కోనక్కరలేదు. ఈరమ్మ నాలుక ఎక్టమీ, ఈరమ్మ చూపు ఎక్టమీ, ఇంట్లోంచి ఈరమ్మ ఎక్టమీ. బస్సులో నాచారం నుంచి ఉప్పల్ దాకా పెదవులు కదుపుతూ అట్లా శాపనార్థాలు పెడుతూ నేర్చుకుంది చదువంతా, పక్క సీటు ఆమె ఏదో స్తోత్రం అనుకుని మొక్కేది కూడా. చివరికి పరీక్షలో క్లాసు మొత్తం తడబడ్డ మూడు తోకల దగ్గర తడబడనిది పూర్ణిమ ఒక్కతే, టమీ, ఎక్టమీ, స్టమీ. ఊరికే కోస్తే టమీ. కోసి తీసేస్తే ఎక్టమీ. కోసి నోరు పెడితే స్టమీ, స్టోమా అంటే నోరు గనక. "గుర్తుంచుకోండమ్మా, ఇది గాటు కాదు, నోరు" అని బోర్డు మీద ముగ్గు చుక్కంత గుండ్రంగా గీశాడు చలపతిరావు. ఆ స్టమీకి ఈరమ్మలో ఏం తగిలించాలో మాత్రం ఆ రోజు తోచలేదు. ఉన్న నోరే ఊరికి సరిపోతుంటే ఇంకో నోరెందుకు అనుకుని వదిలేసింది.

ఇదిగో, వదిలేసిందే వచ్చి కూర్చుంది.

ఎంత పంతం మనిషంటే, రోగాన్ని కూడా పంతానికే తెచ్చుకుందేమోనని పూర్ణిమకు గట్టి అనుమానం. కడుపు కదలడం లేదని ఒక్కరికి చెప్పలేదు. సందు చివరి ఆరెంపీ దగ్గరికి తనే పోయి గ్యాసు గోళీలు తెచ్చుకుని మింగింది, ఆముదం తాగింది, వాము నమిలింది, మూలుగు బయటికి రాకుండా కొంగు నోట్లో కుక్కుకుంది, వాంతి రంగు మారాక గానీ కొడుక్కి తెలియలేదు. అదీ ఎప్పుడు? కోడలికి ఉద్యోగం వచ్చిందని ఇంట్లో స్వీట్లు పంచిన మర్నాడే. ఒకటో తారీఖున చేరాలి, ఉప్పల్లోనే ఆఫీసు, ఏసీ హాలు, మెడలో కార్డు, అమెరికా రోగుల కాగితాలు చదివి వాటికి అంకెలు వెయ్యడం పని. "ఎవలయో రోగాలు సదువుడేంది, గవి ఇంట్లకొస్తయ్" అని ఆ స్వీటు ముట్టకుండా గిన్నె నెట్టేసింది ఈరమ్మ. ఈ చదువు మీద మొదటి నుంచీ కత్తి కట్టింది. తోకల కాగితాలు నీట్‌గా కుట్టి గూట్లో పెట్టుకుంటే తీసి మిద్దె మీద పరిచి మిరపకాయలు ఆరబోసింది, ఓమా ఉన్న పేజీ అంతా ఎర్రగా కారం, ఇప్పటికీ ఓమా అంటే గడ్డ అని తలచుకోగానే పూర్ణిమకు ముక్కు మండుతుంది. రాత్రి చదువుతుంటే లైటు బిల్లని మెయిన్ ఆపేసేది, కొడుకు టీవీ చూస్తే బిల్లు రాదు. ఇప్పుడు చూడు, ఏమైందో చూడు. పొద్దున వరండాలో ఏడుపు ఆగాక తారామణి ముక్కు చీది అడిగిన మొదటి మాట, "మరి కడుపుకు తగిలిచ్చే ఆ సంచి ఎవలు గడుగుతరు?" దమ్మాయిగూడ నుంచి రోజూ తను రాలేదట, పిల్లలట, స్కూళ్ళట. నాగేందర్ తల దించుకుని గోడకు చెప్పినట్టు చెప్పాడు, "ఒకటో తారీఖు సంగతి జర ఆగు పూర్ణిమా. అమ్మ లేస్తే సూద్దం." జర ఆగు. ఆగడమే కదా నా పని. పెళ్ళయ్యాక పీజీ జర ఆగు, వేరు కాపురం జర ఆగు, ఇప్పుడు ఇది. కడుపు మీద పెట్టబోయే ఆ నోరు ముందుగా తినబోయేది నా ఉద్యోగాన్ని. కంపెనీ వాళ్ళు ఆగరు, పూర్ణిమ కాకపోతే దుమ్ములో నిలబడ్డ వందమంది ఉన్నారు.

ఇక రెండో సంగతి ఒకటుంది, అది అన్నకూ చెల్లెకూ తెలుసు, అందుకే అంత భయం. బోనం. నాచారం ఊరుగా ఉన్న రోజుల నుంచీ పోచమ్మకు మొదటి బోనం మామ బాలనర్సింహ ఇంటి నుంచే లేవాలి, ఆయన పోయి చాలా కాలమైంది, వాళ్ళ జొన్న చేలు పోయి బిస్కెట్ల ఫ్యాక్టరీ, మందుల ఫ్యాక్టరీ వచ్చాయి, ఊరి పెద్దల్లో సగం మంది అపార్టుమెంటు వాచ్‌మన్లయ్యారు, అయినా ఆషాఢంలో డప్పు మాత్రం వచ్చి ఈ గుమ్మం ముందే ఆగుతుంది, మొగుడు పోయినా ఈరమ్మే కుండ నెత్తికెత్తుకుని గడప దాటితే తప్ప వెనక ఒక్క బోనం కదలదు. ఆ కుండ కోడలిని ముట్టనివ్వదు. ఆ ముందు తొమ్మిది రోజులూ నీసు లేదు, మంచం లేదు, వేరే పొయ్యి, వేరే చెంబు, కోడలి నీడ పడ్డా మళ్ళీ తలస్నానం. అలాంటి మనిషికి పొట్ట మీద పేగు బయటికి తీసి, దానికి సంచి తగిలించి, మలం అందులో పడుతుందని చెప్తే ఉంటుందా? గొట్టం పీకి అవతల పారేసి నడిచి ఇంటికి పోతుంది, పోయి చస్తుంది. ఆపరేషన్ చెయ్యకపోతే రెండు రోజులు కూడా కష్టమని సర్జన్ అననే అన్నాడు. చెప్తే చస్తుంది, చెప్పకపోతే బతికి, లేచి, దుప్పటి ఎత్తి చూసుకుని, ఇంటిల్లిపాదినీ బతికినన్నాళ్ళూ చంపుతుంది, ముందు నన్ను. మరి సర్జన్ ఇంకో మాట కూడా అన్నాడు. ఇది ఎప్పటికీ ఉండేది కాదు, లోపల కుట్లు మానాక, కొన్ని నెలలకు, పేగు లోపల కలిపేసి మూసేస్తాం అన్నాడు. టెంపరరీ అన్నాడు. ఆ మాట చెప్పినప్పుడు అన్నాచెల్లెళ్ళు ఏడుపులో ఉన్నారు, వాళ్ళ చెవికెక్కలేదు. పూర్ణిమ ఎందుకో వాళ్ళకు విడమరిచి చెప్పలేదు. ఎందుకో ఏమిటి, తెలుసు. ఆ ఒక్క మాట నా దగ్గరే ఉండనీ అనుకుంది. ఎన్నడూ ఏదీ నా దగ్గర ఉంచుకోనిచ్చారా వీళ్ళు?

"పిల్లా." గొట్టం వల్ల గొంతు ముక్కులోంచి వచ్చింది, కానీ అదే గొంతు. కళ్ళు తెరిచే ఉన్నాయి, ఎప్పుడు తెరిచిందో. "గాల్లిద్దరు వోయిన్రా?"

"పోయిన్రు."

"తలుపు దగ్గరికెయ్యి. ఇగ జెప్పు. నన్నేం జేస్తున్రు?"

"గడ్డ దీస్తరు. కుట్లేస్తరు. వారంల..."

"ఆపు." ఈరమ్మ చెయ్యి లేచింది, సూది గుచ్చిన చెయ్యి, మంచం కడ్డీని పట్టుకుంది. "గది నా కొడుకు జెప్పిండు. నా బిడ్డ ముద్దు వెట్టుకుంట జెప్పింది. గాల్లకు నేనంటే పాణం, గందుకే అబద్ధాలాడ్తున్రు, మొకాలు సూస్తె ఎర్కైతలేదా నాకు? నీకు నేనంటే పాణం లేదు. పగున్నది. నువ్వెందుకు అబద్ధమాడ్తవ్? నీకేమొస్తది?" ఊపిరి తీసుకుని, కడుపు మీద నొప్పి తిరిగితే కళ్ళు గట్టిగా మూసి, తెరిచి, "నువ్వు జెప్పితె లోపలికి వోత. లేకుంటె ఈ గొట్టం గుంజి ఈణ్నే పారేస్త. జెప్పు" అంది.

పూర్ణిమకు ఒళ్ళు మండింది, మరీ ఇంత బాహాటంగానా, పగున్నదట, అవును ఉంది, లేకపోతే ఏముంటుంది, ప్రేమలు కారిపోతాయా? కానీ ఆ మంట కిందనుంచి ఇంకేదో లేచింది, మర్చిపోదామనుకున్న ఒక మధ్యాహ్నం. నాయన ఘట్‌కేసర్ దవాఖానాలో ఉన్నాడు, చేను అమ్మిన డబ్బు తాగి తాగి లివర్ పోయింది, నారపల్లి నుంచి అన్న ఫోన్ చేసి "ఏం లేదు చెల్లె, జర కామెర్లు, బాగైతడు" అన్నాడు, చిన్నాయన అన్నాడు బాగవుతాడని, నాగేందర్ అన్నాడు ఆదివారం పోదాంలే అని. అందరూ ముద్దు చేసి చెప్పారు. పూర్ణిమ పప్పు తాలింపు పెడుతోంది. ఈరమ్మ గడప మీద కూర్చుని ఎవరితోనూ అన్నట్టు కాకుండా, చాట మీంచి చూపు తియ్యకుండా, "మీ నాయిన బతకడు. ఆదివారం దాక ఉండడు. గ్యాసు బందు వెట్టి ఇప్పుడే పో, చీరె మార్చకు" అంది. ఎంత కోపం వచ్చిందో అప్పుడు, నీ నోట్లో మన్ను పడ అనుకుంది, తిట్టుకుంటూనే బస్సెక్కింది. నాయన అప్పటికి ఇంకా గుర్తుపడుతున్నాడు. చెయ్యి పట్టుకుని, "వచ్చినవా బిడ్డా" అన్నాడు. తెల్లారకముందే, మబ్బుల పోయాడు. ఆదివారం దాకా ఆగి ఉంటే? ప్రేమ ఉన్నవాళ్ళందరూ కలిసి నా నుంచి ఆ ఒక్క పిలుపును లాగేసేవాళ్ళే. నాకు దక్కనిచ్చింది ఈ ముసల్ది, అదీ నన్ను ఓదార్చడానికి కాదు, ఉన్నమాట దాచడం చేతగాక. ఇన్నాళ్ళూ దానికి ఒక్క మంచిమాట చెప్పలేదు నేను, చెప్పను కూడా. కానీ ఈ మనిషికి అబద్ధం చెప్పి లోపలికి పంపిస్తే ఇక ఏ మొహంతో తిట్టుకోవాలి?

"జెప్త" అంది పూర్ణిమ. స్టూలు దగ్గరికి జరుపుకుంది. "పెద్దపేగుల గడ్డ అడ్డం వడ్డది. గందుకే ఏం కదుల్తలేదు. గడ్డను గోసి దీస్తరు. కానీ పేగు ఉబ్బి ఖరాబున్నది, ఎంటనే కలిపి కుట్టరాదు. గందుకని ఒక కొస బయటికి దీసి, ఈడ," దుప్పటి మీద చెయ్యి పెట్టి బొడ్డుకు ఎడమపక్కన వేలుతో చూపించింది, ఆమె ఒంటి మీద ఇష్టపడి చెయ్యి వెయ్యడం ఇదే మొదటిసారి, "ఈడ నోరు వెడ్తరు. దొడ్డికి ఎనక నుంచి రాదు. గీ నోట్లకెల్లొస్తది. నీకు తెల్వకుండనే వస్తది, ఆపుకునుడుండదు. దానికి సంచి తగిలిస్తరు. నిండినప్పుడల్లా తియ్యాలె, కడగాలె."

"నోరా?"

"నోరే. ఎర్రగ ఉంటది."

ఈరమ్మ పైకప్పు వైపు చూసింది. ఫ్యాను తిరుగుతోంది. "ఇంకో నోరు" అంది మెల్లగా. "ఉన్నదానికే నువ్వోర్వవు." పూర్ణిమ నవ్వలేదు. ముసల్ది కూడా నవ్వలేదు. తరవాత రావాల్సిందే వచ్చింది. "మరి బోనం?"

పూర్ణిమ దుప్పటి మీంచి చెయ్యి తీసేసింది.

"సంచిల అది వెట్టుకోని నెత్తిల బోనమెత్తుతరా ఎవలన్న? అమ్మోరు ఊకుంటదా? గడప దాటుతనా నేను?" కడ్డీ మీది చెయ్యి వదిలి ముక్కు దగ్గరికి పోయింది, గొట్టాన్ని వేళ్ళకు చుట్టుకుంది. "అద్దు. నాకద్దు. నన్నింటికి తీస్కపో. ఉన్నన్ని దినాలుంట."

ఇదిగో, ఇక్కడ. చెప్పాల్సిందంతా చెప్పేసింది పూర్ణిమ, ఒక్క అక్షరం అబద్ధం లేదు, ఎవరొచ్చి నిలదీసినా నిలబడి చెప్పగలదు, అడిగింది, చెప్పిన, వద్దన్నది. ఇక నోరు కదపకుండా ఉంటే చాలు. ఆ వేళ్ళు ఒక్క గుంజు గుంజితే గొట్టం వస్తుంది, నర్సు అరుస్తుంది, నాగేందర్ వస్తాడు, ఏడుస్తారు, ఆటోలో ఇంటికి తీసుకుపోతారు, ఎల్లుండికి అయిపోతుంది. పదకొండో రోజు అవుతుంది. ఒకటో తారీఖు వస్తుంది. మెడలో కార్డు వేసుకుని బస్సెక్కవచ్చు. లైటు ఎంతసేపైనా వేసుకోవచ్చు, మిద్దె మీద ఏ కాగితమైనా ఎండనివ్వొచ్చు. కోసి పారెయ్యక్కర్లేదు, కుట్టక్కర్లేదు, ఊరికే కూర్చుంటే చాలు, ఈరమ్మ ఎక్టమీ. ఎన్నిసార్లు అనుకుంది బస్సులో, మొక్కుగా అనుకుంది, ఎదురుగా వచ్చి నిలబడింది, తీసుకో అంటోంది. తీసుకోవే, ఎందుకు తీసుకోవు? గోడకు అవతల గురక లేని ఇల్లు ఎట్లా ఉంటుందో ఊహించబోయింది, ఊహకు రాలేదు. మంట ఎక్కడ పోసుకోవాలి అప్పుడు? చీర మార్చకు అన్న గొంతు ఒకటి, అదే గొంతు ఇప్పుడు ఇంటికి తీసుకుపొమ్మంటోంది, అడుక్కున్నట్టుగా ఉంది, ఛీ, ఈ మనిషి అడుక్కోవడమేంటి, నా దగ్గర, అసహ్యం, అసహ్యంగా ఉంది, నిన్ను ఇట్లా గెలవడానికా నేను ఇన్నాళ్ళూ పోట్లాడింది?

"మళ్ళ మూస్తరు" అంది పూర్ణిమ. అరిచినట్టుగా వచ్చింది.

వేళ్ళు ఆగాయి. "ఏంది?"

"ఆ నోరు. శాన దినాలుండది. లోపల మానినంక పేగు మళ్ళ కలిపి మూసేస్తరు. డాక్టర్ జెప్పిండు. ఈ ఏడు నీకు బోనం రాదు. వచ్చే ఏడు నువ్వే ఎత్తుతవ్."

ఈరమ్మ గొట్టం వదల్లేదు. తల తిప్పి కోడలి మొహంలోకి చూసింది, నల్లా దగ్గర ఎవరి బిందె ముందుందో తేల్చుకునేటప్పుడు చూసే చూపు. "గిది ముందుగాల్నే ఎందుకు జెప్పలె?"

అబద్ధం చెప్పవచ్చు ఇప్పుడైనా, మర్చిపోయిన అనవచ్చు. "జెప్పొద్దనుకున్న" అంది పూర్ణిమ.

"నేను సావాల్నని."

"ఔ."

కింద రోడ్డు మీద ఎవరో హారన్ కొడుతున్నారు, కొడుతూనే ఉన్నారు. ఈరమ్మ గొట్టం మీంచి చెయ్యి తీసింది, తీసి దుప్పటి మీద, పూర్ణిమ వేలు చూపించిన చోట పెట్టుకుంది, అక్కడ ఏముండబోతుందో కొలుచుకుంటున్నట్టు. "గదే అనుకున్న" అంది. "గింత మాటన్నవ్ సూడు, ఇగ నువ్వు జెప్పిందంతా నిజమే." నొప్పి వచ్చింది, దవడ బిగించి ఓర్చుకుంది. "సంచి నువ్వు గడుగొద్దు. నీ చేతులల్ల వడి ఉండుడు నాకేం కర్మ? ఎట్ల కడగాల్నో నర్సును జూసి నేర్సుకో, నాకు నేర్పియ్యి, నేనే కడుక్కుంట. నువ్వు నౌకరికి వో. నీ మొగనికి నేన్ జెప్త."

"నీ కొడుకు ఒప్పుకోడు."

"వాడెవడు? కడుపు నాది." అంతలోనే మొహం చిట్లించి, "బోనం ఈ పారి నువ్వెత్తు. కొత్త కుండ, నానిన బియ్యం కాదు, కడిగిన బియ్యం. తారామణికియ్యకు, దానికి మెడ నిల్వదు. జర వొరిగిందని నాకెర్కైతే కాళ్ళిరగ్గొడ్త" అంది.

స్ట్రెచర్ తెచ్చారు. ఇద్దరు ఆయాలు వచ్చి చెరో పక్కా దుప్పటి పట్టుకుని ఎత్తబోతే ఈరమ్మ "మెల్లగ, మెల్లగ, దిష్టిబొమ్మననుకుంటున్రా" అని వాళ్ళను కూడా తిట్టింది. చేతి కడియాలు తీసి ఇమ్మంటే పూర్ణిమ చేతిలో కుక్కింది, ఇచ్చినట్టు కాదు, లెక్క అప్పజెప్పినట్టు. గొట్టంతో, సంచితో, ఆ ఉబ్బిన కడుపుతో వరండా పొడుగునా పోయింది, వెనక్కి తిరిగి చూడలేదు. తలుపులు మూసుకున్నాయి, పైన ఎర్ర లైటు వెలిగింది. మెట్లెక్కుతూ నాగేందర్, చేతిలో ఐస్ డబ్బా, వెనక పసుపు బొట్టుతో తారామణి, ఇద్దరికీ రొప్పు.

"పోయిందా? సప్పుడు జెయ్యకుండ పోయిందా?" అన్నాడు నాగేందర్. "ఏమన్న అడిగిందా నిన్ను? ఏం జెప్పినవ్?"

"అంతా జెప్పిన."

"అంతా అంటే?" తారామణి నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. "వదినే, నీకు దయ లేదా?"

"లేదు" అంది పూర్ణిమ. "గందుకే నన్నడిగింది." వాళ్ళు ఏదేదో అంటున్నారు, అన్న గొంతు లేస్తోంది, చెల్లె ఏడుపు లేస్తోంది, ఆమె వినడం లేదు. గుప్పిట్లో కడియాలు ఇంకా వెచ్చగా ఉన్నాయి. ఆ తలుపుల అవతల ఇప్పుడు ఏ తోక నడుస్తోందో వరసగా తెలుసు ఆమెకు, ముందు టమీ, తరవాత ఎక్టమీ, చివర స్టమీ, స్టమీ తప్ప ఒక్కొక్కటీ ఇన్నాళ్ళూ తను శపించి తగిలించినవే, ఇప్పుడు వాటిని ఎవరో తెల్లటి తొడుగుల చేతులతో నిజంగా చేస్తున్నారు. ఎర్ర లైటు కిందికి వెళ్ళి తలుపుకు ఆనుకుని, లోపలికి వినపడేలా కాదు గానీ పళ్ళ బిగువున గట్టిగానే అంది, "సావకు ముసల్దానా. నీతోని నాకింక మస్తు లొల్లున్నది. సచ్చినవంటే మాత్రం ఊకోను."